మా రోడ్డు మీద మూడున్నర టన్నుల బోర్డు

మాఘమాసంలో గృహప్రవేశాలకు ముహూర్తాలు పెట్టిన మహానుభావులెవరూ ఐర్లండ్ పడమటి వైపు రోడ్లు చూసి ఉండరు. చూసి ఉంటే ఆ ముహూర్తాలన్నీ తీసుకెళ్ళి వైశాఖంలో పెట్టేవారు. ఇది వెటకారానికి అంటున్న మాట కాదు, వృత్తిరీత్యా అంటున్న మాట. మేయో కౌంటీలో రోడ్లు చూసుకునే ఇంజనీరుని నేను. ఏ రోడ్డు మీద ఎంత బరువు వెళ్ళొచ్చో, ఏ వారంలో వెళ్ళకూడదో చెప్పడమే నా ఉద్యోగం.

నేను పుట్టింది గోదావరి పక్కన. మా ఊరి రోడ్డు మీద రోజంతా ఇసుక లారీలు తిరిగేవి. లారీ ఎత్తు ఎంతో, పైన ఇసుక ఎత్తు కూడా అంత ఉండేది. ప్రతి వానాకాలానికీ రోడ్డు పోయేది, ప్రతి ఎన్నికల ముందూ మళ్ళీ వచ్చేది. కాకినాడలో సివిల్ చదివే రోజుల్లోనే ఓవర్‌లోడు లారీ కనిపిస్తే నాకు ఒళ్ళు మండేది. కాలేజీ బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి డ్రైవర్లని తిట్టేదాన్ని. వాళ్ళు పళ్ళికిలించి, "ఒక్క ట్రిప్పుకి ఏమైపోద్దండీ" అనేవారు. ఆ మాట వింటే ఇంకా మండేది. ఇలాంటి మనిషికి రోడ్ల ఉద్యోగం దొరకడం నా అదృష్టమో, లారీవాళ్ళ దురదృష్టమో తెలియదు.

మేయోలో రోడ్ల సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ చాలాచోట్ల నేల నేల కాదు. వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళి పేరుకున్న నల్లటి మెత్తటి పదార్థం. దీన్ని బాగ్ అంటారు. కోసి ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు. వెనకటివాళ్ళు దాని మీదే కొమ్మలూ రెమ్మలూ పరిచి, రాళ్ళు పోసి, రోడ్లు వేసేశారు. ఇలాంటి రోడ్డు మీద కారు వెళ్తుంటే పక్కన నిలబడ్డవాళ్ళ కాళ్ళ కింద కూడా నేల కదులుతుంది. మామూలు రోజుల్లో దానికేం ఢోకా లేదు. చలికాలంలో వరసగా పది రోజులు గడ్డకట్టిందనుకోండి, రోడ్డు లోపలి నీళ్ళు మంచై ఉబ్బుతాయి. మంచు కరగడం పైనుంచి మొదలవుతుంది. పైన కరిగిన నీళ్ళకి కిందికి దిగే దారి ఉండదు, కింద ఇంకా గడ్డే కాబట్టి. ఆ కొద్ది రోజులూ రోడ్డు టీలో ముంచిన బిస్కెట్టే. అప్పుడు ఒక్క బరువు లారీ వెళ్ళిందంటే ఏడాదంతా కార్లు తిరిగినా జరగనంత నష్టం జరిగిపోతుంది. అందుకే ఆ వారాల్లో మూడున్నర టన్నులు మించిన బండ్లు రాకూడదని బోర్డులు పెట్టిస్తాం. రోడ్డు ఆరాక తీసేస్తాం.

ఇంత తెలిసిన నేనే చేసిన నిర్వాకం ఇది.

ఐదేళ్ళు డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో అద్దె ఇంట్లో ఉన్నాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్, ఇంటినుంచే పని. నాకు మేయోలో ఉద్యోగం వచ్చాక కొన్నాళ్ళు వారానికి రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, విసుగెత్తి, మేయోలోని పెద్ద ఊరు కాజిల్‌బార్‌కి కొద్ది మైళ్ళ దూరంలో ఒక పాత ఇల్లు కొన్నాం. మెయిన్ రోడ్డు మీంచి చీలిన బాగ్ రోడ్డులో చిట్టచివరి ఇల్లు. మాకన్నా ముందు, మలుపు దగ్గర, ఒక్కటే ఇల్లు ఉంది. అందులో ఎనభై దాటిన ముసలావిడ ఒక్కతే ఉంటుంది. కిడ్నీలు పనిచెయ్యవు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్న ఎనిమిదిన్నరకి ఆసుపత్రినుంచి చిన్న వ్యాను వచ్చి, ఆవిణ్ణి కాజిల్‌బార్ తీసుకెళ్ళి డయాలిసిస్ చేయించి తిరిగి దింపుతుంది. వారానికి మూడుసార్లు ఆ రోడ్డు మీంచి వెళ్ళి రావడం మీదే ఆవిడ బతుకు ఆధారపడి ఉంది.

ఇల్లు చూడ్డానికి మొదటిసారి వెళ్ళినప్పుడే ఆవిడ గేటు దగ్గర పట్టుకుంది. ఎవరు, ఏ ఊరు, ఏం పని, అన్నీ రెండు నిమిషాల్లో లాగేసింది. రోడ్ల ఇంజనీరునని చెప్పగానే మొహం వెలిగిపోయింది.

"ఇంకేం, గ్రాండ్! ఇక నా రోడ్డుకి దిగుల్లేదు," అంది.

నేను కూడా తలెగరేసి, "మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను. ఇలాంటి మాటలు ఇవ్వడంలో నేనెప్పుడూ ముందుంటాను.

గృహప్రవేశం కోసం మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చారు. అక్కడి పంతులుగారు వాట్సాప్‌లో ముహూర్తం పంపారు. ఐర్లండ్ టైముకే లెక్కకట్టి, శుక్రవారం పొద్దున్న ఎనిమిదీ యాభై. అది దాటితే మళ్ళీ నెలన్నర దాకా మంచిది లేదు. సామాను లారీ గురువారం మధ్యాహ్నం డబ్లిన్ నుంచి రావాలి. ముహూర్తం దాకా ఎవరూ గడప దాటకూడదని అత్తయ్యగారి ఆజ్ఞ. అందుకని సామాను గ్యారేజీలో దింపించి, ముహూర్తమయ్యాక లోపల పెట్టించుకోవాలనుకుని, మేం కాజిల్‌బార్‌లో హోటల్లో రెండు గదులు తీసుకుని దిగాం.

అప్పటికి పది రోజులుగా చలి దంచుతోంది. చెరువుల మీద కొంగలు నడుస్తున్నాయి. మంగళవారం రాత్రి గాలి తిరిగి, వాన మొదలైంది. బుధవారం పొద్దున్నే నేను బయల్దేరి నా కిందున్న బాగ్ రోడ్లన్నీ నడిచి చూశాను. కొన్ని ఫరవాలేదు. కొన్నిటికి బోర్డు తప్పదు. చివరికి మా ఇంటి రోడ్డుకి వచ్చి, ముసలావిడ గేటు దగ్గర మడమతో గట్టిగా నొక్కాను. తారు మీది పగుళ్ళలోంచి నీళ్ళు బుడబుడా పైకొచ్చాయి. నా గుండె గుభేలుమంది. ఇంజనీరుగా కాదు, సామాను లారీ ఓనరుగా.

ఆఫీసుకెళ్ళి బోర్డులకి రాసిచ్చాను. మా రోడ్డు పేరు కూడా రాశాను, తప్పించలేదు. మా గాంగు మేస్త్రి, మేయోలోనే పుట్టి పెరిగిన మనిషి, కాగితం చూసి, "రేపు పది గంటలకి మీ రోడ్డుకి పెడతాం," అన్నాడు.

సాయంత్రం గదిలో మా ఆయన లెక్క మొదలుపెట్టాడు.

"మన సామానంతా కలిపితే రెండు టన్నులు కూడా ఉండదు. లిమిట్ మూడున్నర కదా? ఇంకా టన్నున్నర మార్జిన్ ఉంది. నీ ప్రాబ్లమ్ ఏంటి?"

"మరి లారీ గాల్లో ఎగురుతూ వస్తుందా?" అన్నాను. "సామాను బరువు కాదు మహాశయా, లారీతో కలిపి లెక్క. ఆ లారీ ఖాళీదే ఐదు టన్నులు దాటుద్ది."

"అలా అయితే సామాను లేకుండా లారీ వచ్చినా తప్పేనా?"

"తప్పే."

"మీ రూల్స్ చాలా దారుణంగా ఉన్నాయి," అన్నాడు.

అత్తయ్యగారు ఈ గొడవంతా విని, "మంచాలు లేకపోతే ఏమైందిరా, కింద పడుకోలేమా?" అన్నారు. ఆవిడ అక్కడితో వదిలేశారు. వదలనిది నేనే. కొత్తింట్లో మొదటి రోజు ఖాళీ గదుల్లో తిరగడం నాకు ఇష్టం లేదు. ఐదేళ్ళ అద్దె బతుకు తర్వాత నా సోఫా నా హాల్లో ఉండాలి. బోర్డు పెట్టేది పది గంటలకి. లారీ ఎనిమిదికే వచ్చేస్తే ఏ రూలూ తప్పినట్టు కాదు. బయటికెళ్ళి వరండాలో నిలబడి డ్రైవరుకి ఫోన్ చేశాను. "కాస్త తెల్లారకుండానే బయల్దేరండి, ఎనిమిదికల్లా రండి," అన్నాను. లోపల నాకు నేను చెప్పుకున్నది మాత్రం ఇంకోటి. ఒక్క ట్రిప్పుకి ఏమైపోతుంది అనుకున్నాను. అచ్చం ఆ ఇసుక లారీ డ్రైవర్ల మాటే. అప్పుడు నాకది తట్టలేదు.

గురువారం ఎనిమిదింటికి మేం ముగ్గురం ఇంటి ముందు కార్లో కూర్చున్నాం. అత్తయ్యగారి ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం, కాళ్ళ దగ్గర గుమ్మడికాయ. లారీ మెయిన్ రోడ్డు మీంచి తిరిగింది. నేను కారు దిగి మలుపు దాకా ఎదురెళ్ళాను. లారీ మెల్లగానే వస్తోంది. దాని ముందు చక్రాల పక్కన రోడ్డు కిందికి దిగి, చక్రం దాటాక మళ్ళీ పైకి లేస్తోంది. పగుళ్ళలోంచి నల్లటి నీళ్ళు సన్నగా చిమ్ముతున్నాయి. కొమ్మల మీదా రాళ్ళ మీదా ఎవరో నూరేళ్ళ కింద చేతులతో వేసిన రోడ్డు, నా సోఫా కోసం నా కళ్ళ ముందే విడిపోతోంది.

రెండు చేతులూ పైకెత్తి, రోడ్డుకి అడ్డంగా నిలబడి, "ఆపండి! ఆపండి!" అని తెలుగులోనే అరిచాను.

డ్రైవరుకి తెలుగు రాకపోయినా మొహం చూసి ఆపాడు. వెనక్కి తీసుకెళ్ళమన్నాను. పాపం, రివర్స్ గేరు వేశాడు. ఆ వెనక్కి వెళ్ళడంలోనే, ముసలావిడ గేటు దాటి మెయిన్ రోడ్డు వైపు నాలుగడుగులకే, వెనక చక్రం కింద రోడ్డు అంచు కుంగిపోయింది. లారీ ఒక పక్కకి ఒరిగి, రొప్పి, ఎలాగో బయటపడింది. అక్కడ మంచమంత పొడవున గొయ్యి మిగిలింది. దానికి అటుపక్క మురుగు కాలువ. కారు కూడా దాటలేనంత ఇరుకైపోయింది దారి.

మా రోడ్డు మెయిన్ రోడ్డులో కలిసేచోట ఫుట్‌బాల్ క్లబ్బు షెడ్డు ఉంటే, అడిగి సామాను అందులో దింపించి, లారీని పంపేశాను. పది గంటలకి మా మేస్త్రి మనుషులు వచ్చి బోర్డు పాతారు. మేం గొయ్యికి ఇవతలే చిక్కుపడి, ఇంటి ముందు కార్లో కూర్చున్నాం. నేను సీట్లో కిందికి జారి కూర్చున్నాను. మేస్త్రి గొయ్యి చూశాడు. చుట్టూ చూశాడు. రెండు ఎర్ర కోనులు పెట్టి, ముసలావిడ తలుపు కొట్టి ఏదో మాట్లాడి వెళ్ళిపోయాడు. కాసేపటికి నాకు మెసేజ్ వచ్చింది. "మీ ఇంటి రోడ్డులో పొద్దున్న ఏదో లారీ దిగింది. చూశారా? సోమవారం బాగుచేద్దాం." ఫోను బ్యాగులో పడేసి జిప్పు వేశాను.

సోమవారం! రేపు శుక్రవారం. రేపు ఎనిమిదిన్నరకి వ్యాను రావాలి. ఒక్క రోజు డయాలిసిస్ తప్పితే శనాదివారాలు ఆవిడ ఒంట్లో నీళ్ళు చేరతాయి, ఆ వయసులో అదెంత ప్రమాదమో నాకు తెలుసు. "మీరు నిశ్చింతగా ఉండండి" అన్న నా నోరు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"ఏవండీ, దిగండి," అన్నాను మా ఆయనతో. "రాళ్ళు మొయ్యాలి."

ఇంటి వెనక పాతవాళ్ళు వదిలేసిన రాళ్ళ కుప్ప ఒకటుంది. ఇంట్లో అడుగుపెట్టకూడదన్నారు గానీ పెరట్లో పెట్టకూడదని పంతులుగారు అనలేదు. బకెట్లతో మోశాం. రాళ్ళు ఊరికే పోస్తే బురద మింగేస్తుంది, కింద ఏదైనా పరవాలి. మేం మామూలుగా దానికోసమే చేసిన గుడ్డ వాడతాం. అది ఆఫీసు గోడౌన్‌లో ఉంటుంది, అడగడానికి నాకు మొహం చెల్లలేదు. కారంతా వెతికాం. అత్తయ్యగారు డిక్కీలోంచి చుట్ట తీసి నా చేతిలో పెట్టారు. పూజలో పరుచుకుని కూర్చోవడానికి రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన కొత్త జంపఖానా, ఎర్ర చారలది.

"అత్తయ్యగారూ, ఇది పాడైపోద్ది."

"పోతే పోనీ అమ్మాయ్. నేల మీద కూర్చుంటే మనకేం అరిగిపోద్దా? కానీ కానీ, వానొచ్చేలా ఉంది."

ఆ జంపఖానా గోతిలో పరిచి, దాని మీద మా ఆయన నిలబడి తొక్కాడు. పెద్ద రాళ్ళు కింద, చిన్నవి పైన. ఆ ఎండాకాలం రోడ్డు తవ్వి బాగుచేసిన కుర్రాళ్ళు, మేయో బాగ్‌లో ఎర్ర చారల జంపఖానా దొరికిందని ఏదో పురాతన వస్తువులా ఫొటోలు తీసుకున్నారట. అది తర్వాతి మాట. ఆరోజు చీకటి పడేలోపు గొయ్యి నిండింది. మా ఆయన అరిచేతులు బొబ్బలెక్కాయి. కీబోర్డు తప్ప ఏదీ ఎరగని చేతులు మరి. "ఇంతకీ మొత్తం ఎన్ని టన్నులు మోసుంటాం?" అని అడిగాడు. కొట్టబోయాను.

శుక్రవారం ఏడున్నరకే వచ్చాం. రాత్రి వానకి మధ్యలో జానెడు దిగింది. నేను పట్టుచీర కట్టుకుని, మీద ఆఫీసు పసుపు జాకెట్టు తొడుక్కుని, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లేసుకుని, పారతో మళ్ళీ రాళ్ళు సర్దాను. అత్తయ్యగారు కొత్త గిన్నె, పాల సీసా, దేవుడి పటం పట్టుకుని ఇంటి మెట్ల దగ్గర నిలబడ్డారు. ఎనిమిదిన్నర అయింది. వ్యాను లేదు. ఎనిమిదీ నలభై. లేదు. మా ఆయన మెట్ల దగ్గర్నుంచి అరిచాడు.

"పది నిమిషాలే ఉంది! వచ్చెయ్, పాలు పొంగించేసి మళ్ళీ వెళ్దువుగాని!"

నాకూ వెళ్ళాలనే ఉంది. కానీ నేను లేనప్పుడు వ్యాను వచ్చి, డ్రైవరు ఆ గతుకు చూసి వెనక్కి తిప్పేస్తే? నేను కదల్లేదు. అత్తయ్యగారు వాచీ చూసుకుని, పటం కొంగులో కప్పుకుని, "ఒరేయ్, దాన్ని పిలవకు. ఆ బండి దాటనీ," అన్నారు. ముహూర్తం రెండు నిమిషాలు దాటిందని మా ఆడపడుచు పెళ్ళిలో పంతులుగార్ని కడిగేసిన మనిషి ఆవిడ.

ఎనిమిదీ నలభై ఐదుకి వ్యాను వచ్చింది. రాళ్ళ ముందు ఆగింది. నేను ముందు నడుస్తూ చేత్తో ఇటు, ఇటు అని చూపించాను. ముందు చక్రాలు ఎక్కాయి. రాళ్ళు కరకరమన్నాయి. నేను కిందికే చూస్తున్నాను. నీళ్ళు రాలేదు. వెనక చక్రాలు కూడా దాటాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వ్యాను గేట్లోకి తిరిగి, ఆవిణ్ణి ఎక్కించుకుని, మళ్ళీ ఆ రాళ్ళు దాటాక ఆగి, కిటికీ అద్దం దిగింది. ఆవిడ తల బయటపెట్టి నా చీరనీ బూట్లనీ పైనుంచి కింది దాకా చూసింది.

"బాగా కట్టావు," అంది.

"దీన్ని పాడుచేసింది మా లారీయే," అన్నాను. "బోర్డు పెట్టకముందే రమ్మని నేనే పిలిచాను."

"తెలుసు. వంటింటి కిటికీలోంచి చూశాను. చేతులెత్తి అడ్డంగా నిలబడ్డావే, అదీ చూశాను. మీ మేస్త్రి ఏ లారీ అని నన్నడిగాడు. ఆ చివరింటి అమ్మాయి తనే ఫోన్ చేసి చెబుతుంది, నువ్వు కంగారుపడకు అన్నాను. చెప్పావా?"

"లేదు."

"నాకక్కడ నాలుగు గంటల పనుంది. తిరిగొచ్చేలోపు చెప్పెయ్," అని అద్దం ఎత్తేసుకుంది. వ్యాను వెళ్ళిపోయింది.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది దాటింది. అత్తయ్యగారి మొహం చూడలేక, "ముహూర్తం పోయిందండీ," అన్నాను.

"పోయిందిలే. ఆవిడేదో అడిగింది, నువ్వు తల దించుకున్నావ్. అదేంటో ముందు తేల్చుకో. ఆ మొహంతో కొత్తింట్లోకి రాకు," అన్నారు.

అక్కడే నిలబడి మేస్త్రికి ఫోన్ చేశాను. లారీ నాదేనని, టైము చూసుకునే పిలిచానని, మెసేజ్ చూసి కూడా ఊరుకున్నానని, అన్నీ చెప్పాను. "టైర్ల అచ్చు మీ గేటు వైపే చూపిస్తోంది, నిన్ననే అనుకున్నా," అన్నాడు. "సోమవారం రిపోర్టులో మీ చేత్తోనే రాయండి." రాస్తానన్నాను.

ఫోను మా ఆయనకిచ్చి, బూట్లు విప్పి, పెరటి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను. నీళ్ళు ఐసులా ఉన్నాయి. కుడికాలు ముందుపెట్టి లోపలికి వెళ్ళాను.